బీఎంఐ చూడాలా, నడుము కొలవాలా? ఏ కొలత ఎవరికి పనికొస్తుంది

ఒకే మనిషి ఒకే వారంలో రెండు చోట్ల హెల్త్ చెకప్ చేయించుకుంటే ఒక రిపోర్టులో ‘నార్మల్’ అనీ, ఇంకో రిపోర్టులో ‘అధిక బరువు’ అనీ రావచ్చు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు అనుకోండి. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క బీఎంఐ (బాడీ మాస్ ఇండెక్స్) 24.2. రెండు కాగితాల మీదా అంకె అదే. తేడా అంతా పక్కన వేసిన మాటలో ఉంది. ఒక ల్యాబ్ 25 దాటితేనే అధిక బరువు అంటుంది, ఇంకొకటి 23 దాటగానే అంటుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో ఏటా చెకప్‌లు జరుగుతాయి. ఆ రిపోర్టు వాట్సాప్‌లో డాక్టరైన బంధువుకు పంపి ‘ఇది మంచిదా, కాదా?’ అని అడిగేవాళ్ళు చాలామంది. అందుకే ముందు ఈ రెండు హద్దుల్లో దేన్ని నమ్మాలో తేల్చుకుందాం. ఆ తర్వాత బీఎంఐ ఒక్కటీ సరిపోతుందా, నడుము కొలతా కావాలా, కొవ్వు శాతం చూపించే మెషీన్ కొనడం దండగా అన్న విషయాలకు వద్దాం.

23నా, 25నా?

బీఎంఐ లెక్క అందరికీ తెలిసిందే. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 66ను 1.65తో భాగిస్తే 40, దాన్ని మళ్ళీ 1.65తో భాగిస్తే 24.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ కలిపి చెప్పిన హద్దులు ఇవి: 18.5 లోపు తక్కువ బరువు, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. అయితే ఆసియా ప్రజలకు 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని 2004లో అదే సంస్థ నిపుణుల బృందం చెప్పింది. 2009లో భారతీయ వైద్య నిపుణులు ఏకాభిప్రాయంతో మన హద్దులు రాశారు. వాటి ప్రకారం 18.5 నుంచి 22.9 వరకు నార్మల్, 23 నుంచి అధిక బరువు, 25 నుంచే స్థూలకాయం.

తెలుగువాళ్ళకు 23నే హద్దుగా పెట్టుకోవాలి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. కారణం మన ఒంట్లోనే ఉంది. అదే బీఎంఐ ఉన్న యూరప్ మనిషితో పోలిస్తే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా తొడల్లో, పిరుదుల్లో కాకుండా పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. పొట్ట లోపలి కొవ్వు నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్ళి ఇన్సులిన్ పనిని చెడగొడతాయి. షుగర్, ఫ్యాటీ లివర్, గుండె జబ్బు ఇక్కణ్ణుంచే బయలుదేరుతాయి.

దీనికి అందరికీ అర్థమయ్యే ఉదాహరణ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ 22.3. యడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరూ చూడ్డానికి సన్నగానే ఉన్నారు, ఇద్దరి బీఎంఐ రిపోర్టూ ‘నార్మల్’ అనే వస్తుంది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, చొక్కా కింద పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషి మన ప్రతి పెళ్ళి ఫొటోలోనూ కనిపిస్తాడు. ‘బక్కగానే ఉన్నాడు కదా, వాడికి షుగరేంటి?’ అని బంధువులు ఆశ్చర్యపోయేది ఇలాంటివాళ్ళ గురించే.

ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో ఆడవాళ్ళలో సుమారు 30 శాతం, మగవాళ్ళలో సుమారు 32 శాతం అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నట్టు తేలింది. ఆ సర్వే 25 హద్దుతో లెక్కపెట్టింది. 23తో లెక్కపెడితే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

చేతిలో క్యాలిక్యులేటర్ లేనివాళ్ళ కోసం కొన్ని అంకెలు ఇక్కడే ఇస్తున్నాను. 150 సెంటీమీటర్ల ఎత్తుకు బీఎంఐ 23 అంటే దాదాపు 52 కిలోలు, 25 అంటే 56 కిలోలు. 160 ఎత్తుకు 59, 64 కిలోలు. 170 ఎత్తుకు 66.5, 72 కిలోలు. ఇక తక్కువ బరువు హద్దు 18.5 విషయానికొస్తే 150 ఎత్తుకు 41.6, 160కి 47.4, 170కి 53.5 కిలోలు. ఈ కింది హద్దును మనవాళ్ళు పట్టించుకోరు. సన్నగా ఉంటే ఆరోగ్యమే అనుకుంటారు. 18.5 లోపు ఉన్న అమ్మాయికి రక్తహీనత ఉందేమో చూపించాలి. కారణం లేకుండా చిక్కిపోతున్న పెద్దమనిషికి థైరాయిడ్, షుగర్, టీబీ పరీక్షలు చేయించాలి. పెరిగిన బరువు కంటే, తిండి మార్చకుండానే తగ్గిపోయిన బరువుకు డాక్టర్ దగ్గరికి ముందు పరిగెత్తాలి.

బీఎంఐకి తెలియనిది

ఈ లెక్కను 1830లలో తయారుచేసినవాడు బెల్జియంకు చెందిన గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే. ఆయన డాక్టర్ కాదు. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడం ఆయన పని. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టాడు. లక్షమందిని ఒకేసారి చూడాలంటే ఇది ఇప్పటికీ మంచి కొలత. ఒక్క మనిషిని చూడాలన్నప్పుడే తికమక పెడుతుంది.

ముగ్గురిని ఊహించుకోండి. ముగ్గురి ఎత్తూ 165, బరువూ 66, బీఎంఐ 24.2. మొదటివాడు హైటెక్ సిటీలో రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చునే ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు, నడుము 96 సెంటీమీటర్లు. రెండోవాడు బేగంబజార్‌లో బస్తాలు మోసే హమాలీ, నడుము 78. మూడో ఆయన మల్కాజ్‌గిరిలో ఉండే అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ ఉద్యోగి, కాళ్ళు పీలగా, నడుము 94. రిపోర్టు ముగ్గురికీ ఒకే మాట చెబుతుంది. హమాలీ బరువు కండలో ఉంది, అతను బరువు తగ్గాల్సిన పనిలేదు. కుర్రాడికి ఈపాటికే ఫ్యాటీ లివర్ మొదలై ఉండే అవకాశం ఎక్కువ. పెద్దాయనకు రెండు సమస్యలు: పొట్టలో కొవ్వు పెరిగింది, కాళ్ళలో కండ కరిగింది. ఆయన్ని ‘అన్నం మానేసి బరువు తగ్గండి’ అంటే ఉన్న కండ కూడా పోయి రేపు బాత్రూంలో జారిపడతాడు.

కుర్రాడి గురించి చెప్పింది ఊహ మాత్రమే కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కలిసి మన నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2025లో ఫలితాలు ప్రచురించారు. అందులో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పెరిగి ఉంది. వీళ్ళలో ఎక్కువమంది యువకులే. ఆ వయసులో ‘బీఎంఐ కాస్త ఎక్కువ, అంతే’ అనుకుని వదిలేయడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది.

బీఎంఐలో ఇంకో చిక్కు ఎత్తు. చాలామంది కాలేజీ రోజుల్లో కొలిచిన ఎత్తునే నలభై ఏళ్ళ తర్వాతా చెబుతారు, కొందరు కాస్త పెంచి చెబుతారు. 165 ఉన్న మనిషి 170 అని రాయిస్తే అదే 66 కిలోలకు బీఎంఐ 22.8కి దిగి ‘నార్మల్’ అయిపోతుంది. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, తలమీద పుస్తకం అడ్డంగా పెట్టి ఒకసారి సరిగ్గా కొలుచుకోండి. బరువు ఎంత ఖరీదైన మెషీన్ మీద చూసినా ఎత్తు తప్పైతే లెక్కంతా తప్పే.

టేపుతో కొలిస్తే

నడుము కొలతకు మన హద్దులు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. అంటే దాదాపు 35న్నర, 31న్నర అంగుళాలు. పొట్ట లోపలి కొవ్వు గురించి బీఎంఐ చెప్పలేనిది ఇది చెబుతుంది. 155 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువున్న ఆమెకు బీఎంఐ 22.5. ఏ హద్దు ప్రకారం చూసినా నార్మలే. కానీ నడుము 84 ఉంటే ఆమె షుగర్ పరీక్ష చేయించుకోవాల్సిందే, ముఖ్యంగా ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే.

కొలవడంలోనే మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడతారు. ‘నా ప్యాంటు సైజు 34, కాబట్టి నా నడుము 34’ అంటారు మగవాళ్ళు. ప్యాంటు పొట్ట కిందికి జారి తుంటి మీద కూర్చుంటుంది. ప్యాంటు సైజు పదేళ్ళుగా మారకపోయినా పొట్ట 40 అంగుళాలకు చేరి ఉండొచ్చు. ఆడవాళ్ళు పెట్టీకోట్ బొందు ముడి పడే చోట, చీర కుచ్చిళ్ళ మీదుగా కొలుస్తారు. అదీ సరైన చోటు కాదు.

సరైన చోటు ఇది. పక్కటెముకల్లో అన్నిటికన్నా కింది ఎముక చివర ఎక్కడుందో వేలితో తడిమి చూడండి. తర్వాత తుంటి ఎముక పై అంచు పట్టుకోండి. రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు రావాలి. చాలామందికి ఇది బొడ్డుకు దగ్గరలోనే ఉంటుంది, పొట్ట జారినవాళ్ళకు మాత్రం బొడ్డు కిందికి పోతుంది కాబట్టి బొడ్డును గుర్తుగా పెట్టుకోవద్దు. బట్టలు తీసి, చర్మం మీదే కొలవాలి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, వెనక వైపు కిందికి జారకూడదు. అది చూడ్డానికి ఇంట్లో ఇంకొకరు ఉంటే మంచిది. మామూలుగా ఊపిరి వదిలి, వదిలిన చోట చూడాలి. పొట్ట లోపలికి లాగకూడదు. టేపు ఒంటికి తగలాలి కానీ బిగుసుకుని గీత పడకూడదు. పొద్దున్నే, టిఫిన్‌కు ముందు అయితే సరైన అంకె వస్తుంది. రెండుసార్లు కొలిచి, తేడా సెంటీమీటర్ కంటే ఎక్కువుంటే మూడోసారి కూడా కొలవండి.

ఇంతకంటే సులువైనది నడుముకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి. నడుము ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి, అంతే. 150 ఎత్తుకు 75, 165కు 82.5, 170కి 85. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా 2022లో బీఎంఐ 35 లోపు ఉన్న పెద్దవాళ్ళకు ఈ సూత్రమే చెప్పింది. దీనికి టేపు కూడా అక్కర్లేదు. ఒక దారం తీసుకుని మీ ఎత్తు మేరకు తెంపండి, సగానికి మడవండి, నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే సరే, కలవకపోతే పొట్ట ఎక్కువున్నట్టే. అంకెలు చదవడం రాని అమ్మమ్మ కూడా చేసుకోవచ్చు.

ఈ రెండింటిలో ఏది మేలు? పొట్టివాళ్ళకు నిష్పత్తే మేలని నా అభిప్రాయం. 180 ఎత్తున్న మగమనిషికి రెండు పద్ధతుల్లోనూ హద్దు 90 దగ్గరే తేలుతుంది. కానీ 158 ఎత్తున్నతనికి 90 అనేది బాగా వదులైన హద్దు, నిష్పత్తి ప్రకారం 79 దగ్గరే ఆగాలి. మనలో సగటు ఎత్తులు పెద్దవి కావు. కాబట్టి నిష్పత్తి దాటి, 90 లేదా 80 దాటని వాళ్ళు ‘ఇప్పుడే జాగ్రత్త పడాలి’ అనుకోండి. రెండూ దాటినవాళ్ళు పరీక్షలకు వెళ్ళండి.

నడుమును తుంటితో భాగించే పద్ధతి కూడా ఉంది. మగవాళ్ళకు 0.90, ఆడవాళ్ళకు 0.85 హద్దు. 2005లో 52 దేశాల నుంచి సుమారు 27 వేల మందిని చూసిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో గుండెపోటుతో బీఎంఐ కంటే ఈ నిష్పత్తికే ఎక్కువ సంబంధం కనిపించింది. అయినా ఇంట్లో వాడడానికి దీన్ని నేను సిఫార్సు చేయను. రెండు చోట్ల కొలవాలి, రెండు చోట్లా తప్పు జరగొచ్చు. పైగా బరువు తగ్గేటప్పుడు నడుమూ తుంటీ రెండూ తగ్గి నిష్పత్తి కదలకపోతే, మనిషి నిరాశపడి నడక మానేస్తాడు.

కొవ్వు శాతం చూపించే మెషీన్లు, డెక్సా స్కాన్

ఈ మధ్య ఆన్‌లైన్‌లో స్మార్ట్ స్కేల్ అని దొరుకుతున్నాయి. పాదాలు పెట్టగానే బరువుతో పాటు కొవ్వు శాతం, కండ శాతం, నీటి శాతం, ‘శరీర వయసు’ దాకా ఫోన్‌లోకి పంపుతాయి. ఇవి నిజంగా కొలిచేది బరువు, ఇంకా ఒక పాదం నుంచి ఇంకో పాదానికి పంపిన చిన్న కరెంట్‌కు ఒళ్ళు ఎంత అడ్డుపడుతోందన్న లెక్క. కండలో నీరు ఎక్కువ కాబట్టి కరెంట్ సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. దాన్నీ, మీరిచ్చిన ఎత్తు, వయసునీ ఒక సూత్రంలో పెట్టి మిగతావన్నీ లెక్కగడతాయి. మే నెల ఎండలో చెమట పట్టి, నీళ్ళు తక్కువ తాగి ఎక్కితే కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చూపిస్తుంది. జిమ్‌లో చేతులతో కూడా పట్టుకునే పెద్ద మెషీన్లు వీటికంటే మెరుగు, అయినా సూత్రం అదే.

కొనాలనుకునేవాళ్ళకు నా సలహా ఇది. కొవ్వు 27.4 శాతం అన్న అంకెను పట్టుకుని టెన్షన్ పడకండి. వారానికి ఒకే రోజు, పొద్దున లేచి బాత్రూంకు వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు ఎక్కండి. మూడు నెలల్లో గీత పైకి పోతోందా, కిందికి వస్తోందా అన్నది చూడండి. ఆ పని చేసే ఓపిక లేకపోతే మామూలు డిజిటల్ వెయింగ్ మెషీన్ చాలు. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు కరెంట్ పంపే మెషీన్ ఎక్కకూడదు.

డెక్సా స్కాన్ వేరే సంగతి. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ వేర్వేరుగా చూపిస్తుంది. కొవ్వు ఏ భాగంలో ఉందో కూడా తెలుస్తుంది. రేడియేషన్ చాలా తక్కువే. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకు ఎముకల బలం కోసం రాసే డెక్సా తుంటికీ వెన్నుకే చేస్తారు, అందులో ఒంటి కొవ్వు లెక్క రాదు. అది కావాలంటే ఒళ్ళంతా చేసే బాడీ కంపోజిషన్ స్కాన్ అని విడిగా అడగాలి. పోటీలకు తయారయ్యే క్రీడాకారులకు, కండ కరిగిపోయే జబ్బులున్నవాళ్ళకు, బరువు తగ్గించే సర్జరీ అయినవాళ్ళకు ఇది ఉపయోగం. మిగతావాళ్ళు ఆ డబ్బుతో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), కాలేయం పరీక్షలు చేయించుకుంటే ఎక్కువ తెలుస్తుంది.

మరి బీఎంఐ ఎక్కడ కావాలి?

పక్కన పడేయాల్సిన కొలత అయితే కాదు. ఇన్సూరెన్స్ ఫారంలో ఎత్తు, బరువు అడిగేది దీని కోసమే. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లకు కూడా వాకిలి ఇదే. వాటిని బీఎంఐ 30 ఉన్నవాళ్ళకు, లేదా 27 ఉండి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్ళకు రాస్తారు. పెళ్ళికి పది కిలోలు తగ్గాలని, బీఎంఐ 24 ఉన్న అమ్మాయి ఎవరో చెప్పారని అవి వేసుకోవడం తగదు.

డాక్టర్ల ఆలోచన కూడా మారింది. 2025 జనవరిలో ఒక అంతర్జాతీయ నిపుణుల కమిషన్ లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రికలో ఒక మాట గట్టిగా చెప్పింది. స్థూలకాయం ఉందో లేదో బీఎంఐ ఒక్కదానితో తేల్చకూడదు, నడుము కొలతతోనో నేరుగా కొవ్వు కొలిచో నిర్ధారించాలి, ఆ తర్వాత అవయవాల పనితీరు చెడిందా లేదా చూడాలి అని. బీఎంఐ 40 దాటినవాళ్ళకు మాత్రం ఇంకో కొలత అక్కర్లేదంది. అదే నెలలో మన దేశ నిపుణులూ తమ హద్దులను సవరించి, 23 దాటినవాళ్ళను జబ్బు లేని దశ, జబ్బు ఉన్న దశ అని రెండుగా విడదీశారు.

ఎవరికి ఏది

ఇరవై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళకు: మూడు నెలలకోసారి బీఎంఐ, నెలకోసారి నడుము. రెండింటిలో ఒక్కటే చేయగలను అంటే నడుమే. కుట్టుపని టేపు కోఠిలోనో, మీ వీధి ఫ్యాన్సీ షాపులోనో ఇరవై ముప్పై రూపాయలకు వస్తుంది. పాతబడి సాగిపోయిన టేపు వద్దు, స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. బరువు మెషీన్‌ను గచ్చు నేల మీదో టైల్స్ మీదో పెట్టండి, తివాచీ మీద వద్దు.

జిమ్‌కు వెళ్ళి కండ పెంచేవాళ్ళకు, బరువు పనులు చేసేవాళ్ళకు బీఎంఐ పక్కన పెట్టేయొచ్చు. నడుము ఎత్తులో సగం లోపు ఉంటే 27 చూసి బెంగపడకండి. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ‘నాది కండ’ అని చెప్పుకునే చాలామందికి టేపు వేరే మాట చెబుతుంది.

పిల్లలకు పెద్దవాళ్ళ హద్దులు అస్సలు వాడకూడదు. ఏడేళ్ళ పాపకు బీఎంఐ 17 వచ్చిందని ‘తక్కువ బరువు’ అనుకుని నెయ్యి ముద్దలు పెట్టే ఇళ్ళున్నాయి. పిల్లల బీఎంఐ వయసుతో మారుతుంది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు చార్టులుంటాయి. 2015లో భారతీయ పిల్లల వైద్యుల సంఘం అయిదు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు చార్టులు ఇచ్చింది. పెద్దల 23కు, 27కు సరిపోయే గీతలు అందులో ఉంటాయి. మీ పిల్లల డాక్టర్‌ను ఆ చార్టులోనే చుక్క పెట్టి చూపించమని అడగండి.

గర్భిణులకు గర్భం రాకముందున్న బరువుతో వేసిన బీఎంఐ ఒక్కటే లెక్క. ఎంత బరువు పెరగొచ్చో డాక్టర్ దాన్ని బట్టే చెబుతారు. నెలలు నిండే కొద్దీ మళ్ళీ మళ్ళీ బీఎంఐ వేసుకోవద్దు.

అరవై దాటిన పెద్దవాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వెన్ను వంగి ఎత్తు తగ్గుతుంది కాబట్టి బీఎంఐ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కండ కరుగుతుంది కాబట్టి తక్కువ కనిపించాలి. రెండూ కలిసి అంకె మధ్యలో ఎక్కడో ‘బాగానే ఉంది’ అన్నట్టు నిలుస్తుంది. వీళ్ళకు అదే టేపుతో పిక్క కొలవండి. ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన దాని ప్రకారం పిక్క చుట్టుకొలత మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ తగ్గిందేమో చూడాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్ళ బలం తగ్గినట్టే. అమ్మానాన్నలకు ఈ రెండూ చేయండి. బరువు తగ్గమని చెప్పేముందు పప్పు, పెరుగు, గుడ్డు సరిపడా తింటున్నారా, ఇందిరా పార్కులోనో ఇంటి మేడ మీదో రోజూ నడుస్తున్నారా అన్నది అడగండి.

అంకె వచ్చాక

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వైద్యులు తయారుచేసిన షుగర్ ముప్పు స్కోరు ఇంట్లోనే వేసుకోవచ్చు. అందులో బరువే అడగరు. వయసు 35 నుంచి 49 అయితే 20, 50 దాటితే 30. నడుము ఆడవాళ్ళకు 80 నుంచి 89, మగవాళ్ళకు 90 నుంచి 99 ఉంటే 10, అంతకు మించితే 20. వ్యాయామమూ లేక, కూర్చునే పనే అయితే 30, రెండింట్లో ఒకటే ఉంటే 20. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 చేరితే పరీక్ష ఆలస్యం చేయొద్దు. నలభై ఏళ్ళ మనిషి, నడుము 95, కూర్చునే ఉద్యోగం, వ్యాయామం లేదు, అమ్మకు షుగర్: 20, 10, 30, 10 కలిపితే 70. బీఎంఐ 22 అయినా సరే అతను వెళ్ళాల్సిందే.

వెళ్ళడానికి పెద్ద ఆస్పత్రే అక్కర్లేదు. 2018 నుంచి నగరంలో తెరిచిన బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ముప్పై దాటినవాళ్ళ కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో కూడా నడుము కొలత ఉంటుంది. ఇంటికొచ్చి అడిగినప్పుడు ‘మాకెందుకమ్మా’ అని పంపించేయకండి, కొలిపించుకోండి.

ఇక నడక, తిండి మార్చాక ఏ కొలతను చూసి ధైర్యం తెచ్చుకోవాలన్నది మిగిలింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్నవాళ్ళతో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బరువు మెషీన్ మీద ముల్లు కదల్లేదని మూడో వారానికే కేబీఆర్ పార్కుకు రావడం మానేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచి, రోజూ అరగంట గట్టిగా నడిస్తే కొవ్వు తగ్గి కండ పెరిగే నెలల్లో బరువు నిలిచిపోవడం మామూలే. అప్పుడు నడుము ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంటుంది. నెల మొదటి ఆదివారం పొద్దున, టిఫిన్‌కు ముందు కొలిచి, వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కనే రాసుకోండి. ఇంట్లో అందరి అంకెలూ అక్కడే ఉంటే వచ్చే చెకప్‌కు డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫొటో తీసి చూపించవచ్చు.